వేసవి ఇంటర్న్‌షిప్‌లు, విదేశీ అధ్యయనం: డిగ్రీ విద్యార్థుల కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసినవి

వేసవిలో చేయవలసిన ఇంటర్న్‌షిప్ కొరకు వేసవిలోనే వెదకడం మన కుటుంబాలలో తరచుగా జరుగుతున్న పొరపాటు. ఏటా మే నెలలో పరీక్షలు ముగియగానే కొందరు విద్యార్థులు బెంగళూరులోని మా కార్యాలయపు అనువాద విభాగానికి వస్తారు. వారి చేతిలోని మార్కుల కార్డులు చూస్తే ముచ్చట వేస్తుంది. “మేడం, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సెలవుల్లో పని నేర్పిస్తారట గదా, ఫారం ఎక్కడ దొరుకుతుంది?” అని అడుగుతారు. ఆ ఫారం దొరికే కాలం గడచి అప్పటికి నాలుగైదు నెలలు దాటి ఉంటుంది. దేశంలోని ప్రధాన పరిశోధన సంస్థలు వేసవి కార్యక్రమాల కొరకు సాధారణంగా అంతకుముందటి సెప్టెంబరు నుండి జనవరి వరకు గల కాలంలోనే దరఖాస్తులు స్వీకరిస్తాయి. మన పిల్లలకు కొరవడుతున్నది మార్కులు కాదు, ఈ సమాచారం. కాలేజీకి వెళ్లినవారు ఇంట్లో ముందుతరంలో లేనప్పుడు ఇటువంటి సంగతి చెప్పేవారు ఎవరుంటారు?

ఈ తెలుగు పుటలు ఎక్కువగా తల్లిదండ్రులే చదువుతారని నాకు తెలుసు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలలో చాలామంది ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు గాని చదివేది కన్నడం, ఇంగ్లీషు. కావున తల్లిదండ్రులు ఈ వ్యాసాన్ని ఒకసారి చదివి పిల్లలకు వినిపించవలసిందిగా కోరుతున్నాను. వారికి తెలియని సంగతులు ఇందులో కొన్ని ఉన్నవి. మీ సహాయం లేనిదే వారు చేయలేని పనులు మరికొన్ని ఉన్నవి.

మొదట ‘ఆనర్స్’ అనే మాటను గూర్చి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్లలో 120 క్రెడిట్లు పూర్తిచేసినవారికి సాధారణ డిగ్రీ, నాలుగేళ్లలో 160 క్రెడిట్లు పూర్తిచేసినవారికి ఆనర్స్ డిగ్రీ లభిస్తాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం లేదా అంతకు మించి మార్కులు పొందినవారు నాలుగవ ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్‌ను ఎంచుకోవచ్చు. కర్ణాటక ప్రభుత్వం 2021-22లో నాలుగేళ్ల విధానాన్ని ప్రవేశపెట్టి, 2024-25 నుండి తిరిగి మూడేళ్ల డిగ్రీకి మరలింది. అందువల్ల ఒకే ఇంట్లో అన్న నాలుగేళ్ల విధానంలోను, చెల్లెలు మూడేళ్ల విధానంలోను ఉండవచ్చు; పక్కవీధిలోని డీమ్డ్ విశ్వవిద్యాలయంలో చదివే మేనమామ కొడుకుది మరొక విధానం కావచ్చు. ఈ భేదాన్ని చూసి కలవరపడనక్కరలేదు. క్రింద చెప్పబోయే అవకాశాలలో చాలావాటికి డిగ్రీ పత్రంపై ఆనర్స్ అనే మాట అవసరం లేదు. మంచి మార్కులు, విషయంపై ఆసక్తి, ఒక అధ్యాపకుని సిఫారసు లేఖ, సకాలంలో దరఖాస్తు అవసరం.

ఈ విషయంలో మన నగరానికి ఒక సౌలభ్యం ఉన్నది. ఇతర ఊళ్ల విద్యార్థులు రైలెక్కి వచ్చి చేరే పరిశోధన సంస్థలు మనకు సిటీ బస్సు దూరంలోనే ఉన్నవి. సర్ సి.వి. రామన్ 1934లో స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీ ఇక్కడే, సదాశివనగర్‌లో ఉన్నది. ఈ అకాడమీ, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్ నగరాలలోని మరి రెండు జాతీయ అకాడమీలతో కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఎంపికైన విద్యార్థి దేశంలో ఎక్కడో ఒకచోట, ఒక శాస్త్రవేత్త మార్గదర్శకత్వంలో రెండు నెలలు పనిచేయాలి. నెలనెలా భత్యం ఇస్తారు. రైలు ఛార్జీలు చెల్లిస్తారు. పని ముగిసిన పిదప విద్యార్థి నివేదిక సమర్పించవలసి ఉంటుంది. జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రానికి కూడా ఇటువంటి వేసవి ఫెలోషిప్ ఉన్నది. ఆ కేంద్రమే రసాయనశాస్త్రంలో ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని నడుపుతున్నది. డిగ్రీ మొదటి ఏడాదిలో ఎంపికైన బి.ఎస్సీ. విద్యార్థులు వరుసగా మూడు వేసవులు అక్కడికి వెళ్లి పనిచేస్తారు. మొదటి ఏడాదిలో అని ప్రత్యేకంగా గమనించండి. ఆఖరి సంవత్సరంలో చూసుకుందామని వాయిదా వేసినవారికి ఆ తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. సదాశివనగర్‌లోనే ఉన్న రామన్ పరిశోధన సంస్థ భౌతికశాస్త్ర విద్యార్థులను వేసవిలోనే గాక సంవత్సరంలో ఇతర కాలాలలో కూడా సందర్శక విద్యార్థులుగా చేర్చుకుంటుంది. కోరమంగళలోని ఖగోళ భౌతికశాస్త్ర సంస్థలోనూ ఇటువంటి అవకాశం ఉన్నది. బంధువులు ముంబయిలో ఉన్నవారికి అక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థ వేసవి కార్యక్రమం, చెన్నైలో ఉన్నవారికి ఐ.ఐ.టి. మద్రాసు వేసవి ఫెలోషిప్ అనుకూలంగా ఉండవచ్చు.

అక్కడ ఏమి నేర్పుతారని ఒక తండ్రి నన్ను అడిగారు. తరగతిలో వలె పాఠం చెప్పరు. ఒక చిన్న ప్రశ్న ఇస్తారు. ఒక లవణం ఏ వేడిమి వద్ద రూపం మార్చుకుంటుందో కనుగొనడం గాని, ఒక దూరదర్శిని సేకరించిన అంకెలలో దోషాలను ఏరివేయడం గాని ఆ ప్రశ్న కావచ్చు. మొదటి పక్షంరోజులు పరికరాన్ని అర్థం చేసుకోవడానికే సరిపోతాయి. ప్రయోగం విఫలమవుతుంది, మళ్లీ చేస్తారు. పరీక్షలో నూటికి తొంబై తెచ్చుకున్న విద్యార్థి జీవితంలో మొదటిసారి సమాధానం ఎవరికీ తెలియని ప్రశ్న ఎదుట కూర్చుంటాడు. పై చదువుకు వెళ్లాలా, ఉద్యోగంలో చేరాలా అన్నది ఆ రెండు నెలల అనుభవంతో స్వయంగా తేల్చుకోగలుగుతాడు. పరిశోధన తనకు సరిపడదని తెలుసుకుని తిరిగి వచ్చినా ఆ వేసవి వృథా కాదు. ఐదేళ్లు వెచ్చించిన పిమ్మట తెలుసుకోవడం కంటే అది మేలు గదా.

దరఖాస్తులో మన పిల్లలు తడబడేది రెండుచోట్ల. మొదటిది సిఫారసు లేఖ. డెబ్బై, ఎనబై మంది ఉన్న తరగతిలో చివరి బెంచీలో మౌనంగా కూర్చుని మంచి మార్కులు తెచ్చుకునే విద్యార్థిని గూర్చి అధ్యాపకుడు ఏమని వ్రాయగలడు? బుద్ధిమంతురాలు, క్రమశిక్షణ గలది అని రెండు వాక్యాలు వ్రాస్తాడు. అటువంటి లేఖ వలన ప్రయోజనం స్వల్పం. పెద్దల ఎదుట ఎక్కువగా మాట్లాడరాదని మన ఇళ్లలో నేర్పుతాము. ఆ వినయం ఈ ఒక్క సందర్భంలో అడ్డు వస్తుంది. రెండవ సెమిస్టరు నుండే ఒక అధ్యాపకుని వద్దకు సందేహాలతో వెళ్లడం, ప్రయోగశాలలో అదనపు పని అడిగి చేయడం, చదివిన పుస్తకాన్ని గూర్చి మాట్లాడడం అలవాటు చేసుకుంటే లేఖ వ్రాసేనాటికి ఆయన వద్ద వ్రాయడానికి విషయం ఉంటుంది. లేఖను గడువుకు ముందురోజు గాక కనీసం మూడు వారాల ముందు అడగడం మర్యాద.

రెండవది, ఈ కార్యక్రమంలో ఎందుకు చేరదలచారో తెలిపే చిన్న వ్యాసం. సాధారణంగా ఒక పుటకు మించదు. దానిలో ‘బాల్యం నుండి విజ్ఞానశాస్త్రమంటే ఇష్టం’ అని మొదలుపెట్టేవారే ఎక్కువ. దానికి బదులు తాను చేసిన ఒక పనిని, అందులో తనకు అంతుపట్టని ఒక అంశాన్ని వ్రాస్తే చాలు. ఇంగ్లీషు అలంకారంగా ఉండనవసరం లేదు, స్పష్టంగా ఉండాలి.

విజ్ఞానశాస్త్రం చదవనివారి మాట ఏమిటని అడగవచ్చు. నిజానికి కళలు, వాణిజ్యశాస్త్రం చదివేవారికి ఇంత వ్యవస్థీకృతమైన వేసవి కార్యక్రమాలు తక్కువే. నేను తెలుగు ఎం.ఏ. చదివిన కాలంలో ఇంటర్న్‌షిప్ అనే మాటే మా తరగతిలో వినబడలేదు. ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులకు 60 నుండి 120 గంటల ఇంటర్న్‌షిప్‌ను క్రెడిట్లతో సహా సూచించింది. ఒక క్రెడిట్‌కు 30 గంటల పని. పురపాలక సంస్థల విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో ‘ట్యూలిప్’ పేరుతో ఒక పథకాన్ని ప్రారంభించింది. డిగ్రీ ముగించి 18 నెలలు మించనివారు నగరపాలక సంస్థలలో 8 వారాల నుండి ఒక ఏడాది వరకు పని నేర్చుకోవడానికి అది ఉద్దేశించినది. నీటి సరఫరా, చెత్త నిర్వహణ, పన్నుల లెక్కలు, పౌరులతో సంభాషణ మొదలైన రంగాలలో అన్ని శాఖల విద్యార్థులకూ పని దొరుకుతుంది. రెండు మూడు భాషలు మాట్లాడే మన పిల్లలు ఇటువంటి పనిలో ఎంత ఉపయోగపడగలరో నేను రోజూ నా కార్యాలయంలో చూస్తూనే ఉన్నాను.

ఇంటివద్ద నుండి కదలలేనివారు ఐ.ఐ.టి.ల అధ్యాపకులు బోధించే ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలను ఉచితంగా వినవచ్చు; పరీక్ష వ్రాసి ధ్రువపత్రం కావలెనంటే మాత్రమే రుసుము చెల్లించాలి. కొన్ని పాఠాలకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నవి. ‘స్వయం’ వేదికపై చదివిన కోర్సులకు ఒక సెమిస్టరులో 40 శాతం వరకు క్రెడిట్లు ఇవ్వవచ్చునని 2021 నిబంధనలు చెబుతున్నవి. అయితే తమ కళాశాల దానిని అంగీకరిస్తుందా అన్నది చేరకముందే ప్రిన్సిపాలును అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2020-21లో చేరినవారి నుండి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. కావున అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుండి మన మేనల్లుళ్లు, మేనకోడళ్లు బెంగళూరు వచ్చి మన ఇళ్లలో దిగి కంపెనీల చుట్టూ తిరగడం పరిపాటి అయింది. ఈ అవసరాన్ని ఆసరాగా చేసుకుని డబ్బు తీసుకుని ధ్రువపత్రం అమ్మేవారు కూడా పుట్టుకొచ్చారు. శిక్షణ రుసుమని, రిజిస్ట్రేషన్ అని, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్ అని రకరకాల పేర్లు పెడతారు. పైన నేను పేర్కొన్న పరిశోధన ఫెలోషిప్‌లలో సంస్థయే విద్యార్థికి డబ్బు ఇస్తుంది గాని విద్యార్థి నుండి తీసుకోదు. ఇంటర్న్‌షిప్ ఇస్తామని ఎవరైనా మీ నుండి వేలు అడిగితే అది ఇంటర్న్‌షిప్ కాదు, కొనుగోలు. పని చేయకుండా వచ్చిన ధ్రువపత్రం ఉద్యోగపు ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే పట్టుబడుతుంది.

2024 అక్టోబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని గూర్చి కూడా పలువురు అడుగుతున్నారు. ప్రారంభ నిబంధనల ప్రకారం అది 21 నుండి 24 ఏళ్ల వయసు గల, పూర్తికాల విద్యలో గాని ఉద్యోగంలో గాని లేనివారికి ఉద్దేశించినది. కాలేజీకి వెళ్తున్న విద్యార్థి వేసవి సెలవులలో చేయదగినది కాదు.

ఆడపిల్లను రెండు నెలలు మరో ఊరు పంపడానికి కుటుంబాలు వెనుకాడడం నేను అర్థం చేసుకోగలను. మా ఇంట్లోనూ ఈ చర్చ జరిగింది. వద్దనడానికి ముందు కనుక్కోవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. వసతి ప్రాంగణంలోనేనా, బయటనా? విద్యార్థినుల వసతిగృహం వేరుగా ఉన్నదా? ఆహ్వాన లేఖపై మార్గదర్శక ఆచార్యుని పేరు, విభాగం ఉన్నవా? సంస్థలో ఫిర్యాదుల సంఘం ఉన్నదా? పెద్ద సంస్థలు ఈ ప్రశ్నలకు సంకోచం లేకుండా సమాధానం ఇస్తాయి. తండ్రి స్వయంగా ఫోను చేసి అడిగినా తప్పుగా భావించరు. మొదటిసారి బెంగళూరులోనే ఉన్న సంస్థలో చేరి, రోజూ ఇంటి నుండి వెళ్లి రావడం ఒక మధ్యేమార్గం. అది చూసిన ఇల్లు మరుసటి ఏడు కొంత ధైర్యం తెచ్చుకుంటుంది.

విదేశాల విషయం. విదేశీ చదువు అనగానే మనవారికి లక్షల అప్పు, పొలం తాకట్టు, కన్సల్టెన్సీ కార్యాలయాలు గుర్తుకు వస్తాయి. డిగ్రీ చదువుతుండగానే స్వల్పకాలం విదేశంలో పనిచేసి వచ్చే మార్గాలు ఉన్నవని తెలిసినవారు తక్కువ. జర్మనీకి చెందిన డాడ్ అనే సంస్థ భారతదేశంలోని ఎంపిక చేసిన సంస్థలలో చదివే ఇంజనీరింగ్, విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ‘వైజ్’ అనే ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. రెండు, మూడు నెలలు జర్మన్ విశ్వవిద్యాలయంలో పని. నెలకు భత్యం, ప్రయాణానికి కొంత సహాయం. దీనికి దరఖాస్తు చేసే ముందే ఒక జర్మన్ ఆచార్యుని నుండి ఆహ్వాన లేఖ సంపాదించాలి. అది విద్యార్థి స్వయంగా ఉత్తరాలు వ్రాసి సాధించవలసిన పని. ఇరవై మందికి వ్రాస్తే ఒకరిద్దరు జవాబిస్తారు. ఆ లెక్కన ఆగస్టు నాటికే మొదలుపెట్టాలి. తాను చదివే కళాశాల ఆ జాబితాలో ఉన్నదో లేదో మొట్టమొదట చూసుకోవాలి.

ఒక సెమిస్టరు విదేశంలో చదివి రావడం మరొక మార్గం. ఇది విద్యార్థి ఒక్కడూ నిర్ణయించుకునేది కాదు. తన విశ్వవిద్యాలయానికి, అక్కడి విశ్వవిద్యాలయానికి నడుమ ఒప్పందం ఉండాలి. 2022 నాటి నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ పద్ధతిలో విదేశంలో సంపాదించే క్రెడిట్లు మొత్తంలో 30 శాతానికి మించరాదు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవారు ఐరోపా సమాఖ్య వారి ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ కోర్సులకు దరఖాస్తు చేయవచ్చు. ఎంపికై స్కాలర్‌షిప్ పొందినవారికి నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు లభిస్తాయి. ట్యూషన్ ఫీజు ఉండదు. రెండు మూడు దేశాలలో చదువుతారు. భాషాశాస్త్రం, అనువాదం, నగర అధ్యయనం వంటి విషయాలలోనూ ఈ కోర్సులు ఉండడం వలన కళల విద్యార్థులు కూడా దీనిని తప్పక చూడాలి. చాలా కోర్సులకు దరఖాస్తులు అక్టోబరు నుండి జనవరి వరకు.

ప్రభుత్వ సహాయం కోరేవారు తమ నివాస రాష్ట్రం ఏదో తేల్చుకోవాలి. షెడ్యూల్డ్ కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు విదేశాలలో మాస్టర్స్, పిహెచ్.డి. చదువులకై కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఉన్నది. ఏటా 125 స్థానాలు, వాటిలో 30 శాతం మహిళలకు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలకు మించరాదు, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. కర్ణాటకలో స్థిరనివాసులైన షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యార్థులకు రాష్ట్రం వారి ‘ప్రబుద్ధ’ పథకం ఉన్నది. ఇక్కడనే మనవారికి చిక్కు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుండి బొంబాయికి తరలివెళ్లిన ఒక కుటుంబపు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఒక రాష్ట్రపు కుల ధ్రువపత్రంతో మరొక రాష్ట్రపు రిజర్వేషన్ సదుపాయాలు కోరరాదు. సొంత రాష్ట్రపు పత్రం ఆ రాష్ట్ర పథకాలకు, కేంద్ర పథకాలకు చెల్లుతుంది. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం వేరు, పదేళ్ల క్రితం వచ్చిన కుటుంబం వేరు. తహసీల్దారు కార్యాలయంలో ఈ ప్రశ్నను పిల్లవాడు డిగ్రీలో చేరిన ఏడాదే అడిగి వ్రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇక పేర్ల సమస్య. నా వద్దకు వచ్చే పత్రాలలో సగానికి సగం దీనివల్లనే వస్తాయి. ఉదాహరణకు కొండపల్లి ఇంటిపేరు గల సుబ్బయ్య కుమార్తె రమాదేవి అనుకుందాం. ఆంధ్రలో చదివితే ఆమె కె. రమాదేవి. బెంగళూరులో గాని చెన్నైలో గాని చదివితే తండ్రి పేరు తొలి అక్షరంతో ఎస్. రమాదేవి. షోలాపూర్‌లోని పినతండ్రి ఇంట ఉండి చదివితే రమాదేవి సుబ్బయ్య కొండపల్లి. ఆధార్ తీసుకున్నప్పుడు ఆపరేటరు వట్టి రమాదేవి అని వ్రాసి ఉంటాడు. నలుగురూ ఒకరేనని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనిషియల్ వ్రాయరాదు. ఇచ్చిన పేరు, ఇంటిపేరు విడివిడిగా, పూర్తిగా విడమరచి వ్రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాపై ఉన్న పేరే ఇంటిపేరుగా మారి, అసలు పేరుచోట ‘పేరు తెలియదు’ అని అర్థమిచ్చే మూడక్షరాలు పడతాయి. ఒంటిపేరు గల పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది.

రెండేళ్ల క్రితం ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని మా విభాగానికి వచ్చింది. తండ్రి మదనపల్లె ప్రాంతం నుండి వచ్చి ఇక్కడ బేల్దారి పని చేస్తారు. ఆమె స్వయంగా ఉత్తరాలు వ్రాసి జర్మనీ ఆచార్యుని ఆహ్వానం సంపాదించింది, ఎంపిక కూడా అయింది. ఎస్.ఎస్.ఎల్.సి. కార్డులో తండ్రి ఇనిషియల్, ఆధార్‌లో ఇంటిపేరు, తండ్రి ఆధార్‌లో మరొక అక్షరక్రమం. పాస్‌పోర్టు దరఖాస్తు పరిశీలనలో ఆగింది. ఒక పత్రం దిద్దితే మరొకటి తేడా చూపింది. వీసా తీసుకోవలసిన తేదీ దాటిపోయింది. ఆమె తండ్రి ఆనాడు నన్ను ఒకే మాట అడిగారు: “ఇది మొదటి సంవత్సరంలోనే ఎవరైనా చెప్పి ఉంటే అయిపోయేది గదమ్మా?” అయిపోయేది. ఆయన ప్రశ్నయే ఈ వ్యాసానికి కారణం.

కావున మార్గం ఇది. పదవ తరగతి మార్కుల కార్డును ఆధారంగా తీసుకోండి. దానిని మార్చడం అన్నిటికంటె కష్టం. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా దానికి అనుగుణంగా దిద్దించుకోండి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు, పుట్టినతేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు గనుక అక్షరాలు ఎలా ఉండాలో ఇంట్లో కాగితంపై వ్రాసుకుని మరీ వెళ్లండి. ఎస్. అన్నది సుబ్బయ్య అయితే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో సుబ్బయ్య అని పడవచ్చు. అన్నగారి పాస్‌పోర్టులో కొండపల్లి అని ఉండవచ్చు. వినడానికి వింతగా ఉంటుంది గాని ఒక వ్యక్తి పత్రాలన్నిటా ఒకే పేరు ఉండడమే ముఖ్యం, అన్నదమ్ములకు ఒకే పేరు ఉండడం కాదు. మామూలు పద్ధతిలో 36 పుటల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. ప్రయాణం నిశ్చయం కాకముందే తీసుకుని ఉంచుకోవడంలో నష్టమేమీ లేదు.

పుట్టినతేదీ మరొక చిక్కు. బడిలో చేర్చిననాడు హెడ్‌మాస్టరు జూన్ 1 అని వ్రాసిన పిల్లలు మన సముదాయంలో ఎందరో. జనన రిజిస్టరులో మరొక తేదీ ఉంటుంది. పైగా తల్లి పురిటికి పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. 1969 నాటి చట్టం ప్రకారం జననం ఏ ఊరిలో జరిగితే ఆ ఊరి రిజిస్టరులోనే నమోదవుతుంది. అందువల్ల ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఉన్న కుటుంబపు పిల్ల జనన పత్రం మా నగరపాలక కార్యాలయంలో దొరకదు, అమ్మమ్మగారి ఊరి పంచాయతీలో గాని ఆసుపత్రి ఉన్న మునిసిపాలిటీలో గాని దొరుకుతుంది. చాలాచోట్ల పేరు లేకుండా ‘ఆడశిశువు’ అని మాత్రమే ఉంటుంది. పేరు చేర్పించడానికి అక్కడి రిజిస్ట్రారుకే దరఖాస్తు చేయాలి. అసలు నమోదే కాని జననమైతే ఏడాది దాటిన పిదప మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతుంది.

సంక్రాంతికో, జాతరకో ఊరికి వెళ్లినప్పుడు ఈ పని పెట్టుకోండి. పండుగ సెలవు దినాలలో కార్యాలయం ఉండదు గనుక ఒకరోజు ముందుగా బయలుదేరండి. తెలుగులో ఇచ్చిన పాత పత్రమైతే దానిని మా విభాగానికి తెచ్చి ఇంగ్లీషు అనువాదం చేయించుకోవచ్చు. అసలు పత్రం, ఒక నకలు, పదవ తరగతి మార్కుల కార్డు వెంట తేవాలి. పత్రం చేతికి తీసుకునేటప్పుడు రిజిస్ట్రారు సంతకం, ముద్ర స్పష్టంగా ఉన్నవో లేవో అక్కడే, వెలుతురులో చూసుకోండి. ముద్ర చెదిరిన కాగితంతో ఇంతదూరం వచ్చి మళ్లీ మదనపల్లె బస్సు ఎక్కినవారిని నేను చూశాను.